ఆ నీటి పేరు తెలియకముందే ఆరు నెలలు లెక్కపెట్టకండి

గత నెల ఒక ఆదివారం ఉదయం, మా జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెప్పే మిత్రులు ఫోన్ చేశారు. వాళ్ల అమ్మగారికి 81 ఏళ్లు. గుండె జబ్బు పాతదే, మూత్రపిండాలు కూడా కొంత దెబ్బతిన్నాయి. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని తీసి పరీక్షకు పంపితే అందులో లింఫోమా (లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో పుట్టే కేన్సర్) కణాలు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. సీటీ స్కానింగులో ఎక్కడా గడ్డ లేదు, ఉన్నది నీరే. అలా చేరిన నీటినే వైద్యులు ఎఫ్యూజన్ అంటారు. ఆయన రాత్రంతా కూర్చుని ఫోనులో చదివారట. "ఎఫ్యూజన్ లింఫోమా అంటే ఆరు నెలలేనట కదండీ. ఈ వయసులో అమ్మను కీమో పేరుతో ఎందుకు బాధపెట్టడం, ఇంటికి తీసుకువెళ్లిపోదాం అంటున్నాడు మా అన్నయ్య" అన్నారు. నేను అడిగింది ఒక్కటే: ఆ నీటిలోని కణాలకు హెచ్‌హెచ్‌వీ-8 వైరస్ పరీక్ష చేయించారా అని. చేయించలేదు.

ఆ ప్రశ్న నాకు ఎలా తెలుసో చెప్పాలంటే మా పెదనాన్న సంగతి చెప్పాలి. నేను వైద్యుణ్ణి కాను, జువాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి. అయినా పెదనాన్న జబ్బు పుణ్యమా అని ఈ అరుదైన లింఫోమాల గురించి దొరికినదల్లా చదివాను. చదివిన కొద్దీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. వృద్ధుల్లో ఇలాంటి జబ్బు బయటపడినప్పుడు మనం రెండు తప్పులు ఒకేసారి చేస్తున్నాం. వేరే జబ్బుకు చెందిన ఆయుర్దాయపు లెక్కను అరువు తెచ్చుకుంటున్నాం, దానికి వయసును జోడించి చికిత్స అనే మాటనే పక్కన పెట్టేస్తున్నాం.

ఆ లెక్క ఎవరిది?

1994లో కొలంబియా విశ్వవిద్యాలయంలో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు కపోసి సార్కోమా అనే కేన్సర్ కణజాలంలో ఒక కొత్త హెర్పీస్ వైరస్ జాడలు కనుగొన్నారు. మరుసటి ఏడాదే ఎథెల్ సెసార్మన్, ఆమె సహచరులు అదే వైరస్ ఎయిడ్స్ రోగుల ఛాతీలో, పొట్టలో నీటి రూపంలో పెరిగే ఒక లింఫోమాలోనూ ఉందని చూపారు. ఆ వైరసే హెచ్‌హెచ్‌వీ-8. ఆ లింఫోమాకు 'ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమా' అన్న పేరు స్థిరపడింది. ఇది చాలా క్రూరమైన జబ్బు. ఫ్రాన్స్‌లో హెచ్‌ఐవీ ఉన్న 28 మంది రోగుల వివరాలతో 2005లో వచ్చిన పరిశోధనలో వారి ఆయుర్దాయపు మధ్యగతం 6.2 నెలలుగా తేలింది. ఇంటర్నెట్‌లో ఇంటింటికీ చేరుతున్న 'ఆరు నెలలు' ఇలాంటి లెక్కల నుంచి పుట్టినదే.

మధ్యగతం అంటే సగం మంది ఆ గడువు దాటి బతికారని కూడా అర్థం. అదే 28 మందిలో ఏడాది దాటినవారు నూటికి 39 మంది ఉన్నారు. ఆ ముక్క ఎవరూ ఫోనులో చదివి వినిపించరు. అయితే నా వాదన అంతకంటే ముందు మొదలవుతుంది. ఆ లెక్క హెచ్‌ఐవీతో రోగనిరోధక శక్తి కుంగిపోయినవారిది, ఎక్కువగా నడివయసు పురుషులది, హెచ్‌హెచ్‌వీ-8 వల్ల వచ్చిన జబ్బుది. గుండె బలహీనత వల్లో, కాలేయం గట్టిపడటం వల్లో, మూత్రపిండాల లోపం వల్లో ఏళ్ల తరబడి ఒంట్లో నీరు నిలిచి, ఆ నీటిలోనే లింఫోమా పుట్టిన ఎనభై ఏళ్ల ముసలమ్మకు ఆ లెక్కతో ఏం సంబంధం?

అలాంటి జబ్బు వేరేగా ఉందని వైద్యులు క్రమంగా గుర్తించారు. జపాన్ నుంచి వృద్ధుల కేసులు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2013లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సర్జికల్ పాథాలజీలో వచ్చిన ఒక వ్యాసం, ఒంట్లో నీరు ఎక్కువై నిలిచిపోయే స్థితులతో ముడిపడిన, హెచ్‌హెచ్‌వీ-8 లేని ఈ లింఫోమాను ప్రత్యేకమైన జబ్బుగా చూడాలని శీర్షికలోనే చెప్పింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దీనికి విడిగా చోటిచ్చి 'ఫ్లూయిడ్ ఓవర్‌లోడ్ అసోసియేటెడ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా' అని పిలిచింది. అదే ఏడాది వచ్చిన మరో అంతర్జాతీయ వర్గీకరణ దీన్ని వేరే పేరుతో, తాత్కాలికంగా మాత్రమే చేర్చింది. పైగా ఈబీవీ అనే మరో వైరస్ కూడా ఉండకూడదని షరతు పెట్టింది. నిపుణుల మధ్యనే పేరు ఇంకా కుదురుకోని జబ్బుకు, మనం మాత్రం రాత్రికి రాత్రి గడువు నిర్ణయించేస్తున్నాం.

ఈ రెండింటి తేడా పేరుకే పరిమితమైతే నేను ఇంత రాయను. హెచ్‌హెచ్‌వీ-8 వల్ల వచ్చే లింఫోమా కణాల మీద సాధారణంగా సీడీ20 అనే ప్రోటీన్ ఉండదు. ఆ ప్రోటీన్‌ను పట్టుకుని పనిచేసే రిటుక్సిమాబ్ అనే మందు వాటి మీద పారదు. రెండో రకంలో చాలామందికి సీడీ20 ఉంటుంది, కనుక ఆ మందుకు పని ఉంటుంది. ఆయుర్దాయం కూడా మొదటి రకం కంటే మెరుగ్గా ఉంటుందనే ఇప్పటివరకు వచ్చిన నివేదికలు చెబుతున్నాయి. కొందరికి నీరు పూర్తిగా తీసేయడంతోనే, లేదా దానికి తోడు కొద్దిపాటి స్టెరాయిడ్‌తోనే, జబ్బు నెలల తరబడి తిరిగి రాని సందర్భాలు కూడా నమోదయ్యాయి. మామూలు లింఫోమాలో ఇది దాదాపు ఊహించలేని సంగతి.

వయసును బట్టే ఇది రెండో రకమని అనేసుకోవడమూ తప్పే. మధ్యధరా ప్రాంతపు దేశాల్లో హెచ్‌ఐవీ లేని ముసలివాళ్లకు కూడా హెచ్‌హెచ్‌వీ-8 రకం వస్తుంది. అందుకే పరీక్ష చేయాలి, ఊహ చాలదు. ఆ కణాల్లో 'లానా' అనే వైరస్ ప్రోటీన్ ఉందో లేదో చూపే రంగు పరీక్ష అది. దానికి కొత్తగా సూది గుచ్చనక్కర లేదు. తీసిన నీటిని పారబోయకుండా కణాలను దిమ్మగా కట్టి దాచి ఉంచితే చాలు, దాన్నే ప్రయోగశాలవాళ్లు సెల్ బ్లాక్ అంటారు.

నెమ్ము అనుకున్న రోజులు

మా పెదనాన్న కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ మీద లాకుల దగ్గర ముప్ఫై ఏళ్లు లస్కరుగా పనిచేశారు. 79వ ఏట ఆయాసం మొదలైంది. ఎకో తీస్తే గుండె పంపింగ్ 40 శాతం అన్నారు. పాదాల వాపు, ఛాతీలో నీరు, అన్నీ గుండె ఖాతాలోనే పడ్డాయి. నీరు లాగే బిళ్లల మోతాదు పెంచారు. వాపు తగ్గింది గానీ కుడివైపు ఛాతీలో నీరు మాత్రం తగ్గలేదు. అప్పుడు సూదితో కొంత నీరు తీసి పరీక్షకు పంపారు. లింఫోసైట్లు ఎక్కువగా ఉన్నాయి, టీబీని పసిగట్టడానికి చేసే ఏడీఏ పరీక్ష విలువ 58 వచ్చింది. మన దగ్గర 40 దాటితే టీబీని అనుమానించడం మామూలే కదా. టీబీ మందులు మొదలుపెట్టారు. ఊళ్లో పెద్దలు కూడా "నెమ్ము చేసింది, మందులు వాడితే పోతుంది" అని ధైర్యం చెప్పారు.

నేను ఆ వైద్యుణ్ణి తప్పుపట్టడం లేదు. టీబీ ఇంతగా ఉన్న దేశంలో, లింఫోసైట్లు నిండిన ఛాతీ నీరు చూసి ముందు టీబీ అనుకోవడం న్యాయమే. కానీ లింఫోమా నీటిలో కూడా ఏడీఏ పెరుగుతుంది. ఆ సంగతి మనసులో ఉంటే, మందులు మొదలుపెట్టిన రోజునే మిగిలిన నీటిని కణ పరీక్షకు పంపి ఉండేవారు. మా విషయంలో మిగిలిన నీరు పారబోశారు. ఏడు వారాల పాటు పెదనాన్న ఆ మాత్రలు మింగారు, అన్నం సహించలేదు, ఒళ్లు సగమైంది, నీరు మళ్లీ నిండింది. ఆయన నాతో ఒక రోజు అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "గండి ఎక్కడ పడిందో చూడకుండా పొలంలో నీళ్లు తోడితే ఏం లాభం అబ్బాయ్?"

గుంటూరులో మూడోసారి నీరు తీసిన యువ వైద్యురాలు ఒక సిరంజితో సరిపెట్టలేదు. దాదాపు లీటరు నీటిని సీసాలతో సహా పాథాలజీకి పంపి, సెల్ బ్లాక్ చేయమని చీటీ మీద రాశారు. పెదనాన్న ఆ సీసాలను చూసి "మట్టి పరీక్షకి పంపినట్టు పంపుతున్నారా అమ్మా?" అని అడిగితే, ఆమె నవ్వకుండా "అవునండీ, అందులో ఏముందో తెలియాలి కదా" అన్నారు. నాలుగు రోజులకు వచ్చిన రిపోర్టులో పెద్ద పెద్ద లింఫాయిడ్ కణాలు, సీడీ20 పాజిటివ్, ఎఫ్యూజన్ లింఫోమా అనుమానం, హెచ్‌హెచ్‌వీ-8 చూడవలసి ఉంది అని రాశారు.

చివరి వాక్యాన్ని మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. మా అన్నయ్య ఫోనులో వెతికాడు, ఆరు నెలల లెక్క దొరికింది. వరండాలో కూర్చుని పెద్దలంతా ఒక నిర్ణయానికి వచ్చారు: ఆయనకు చెప్పవద్దు, ఇక ఆసుపత్రుల చుట్టూ తిప్పవద్దు. నేనూ తల ఊపాను. జువాలజీ చదువుకున్నవాణ్ణి, వైరస్ తేడాతో జబ్బే మారిపోతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి, మూడు రోజులు ఆ లెక్కను నమ్మాను. ఆ మూడు రోజుల గురించి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నాలుగో రోజు ఆ వైద్యురాలే ఫోన్ చేసి, వైరస్ పరీక్షకు దిమ్మను వేరే నగరంలోని ప్రయోగశాలకు పంపామని, ఫలితం వచ్చేదాకా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని చెప్పారు. పదకొండు రోజులకు ఫలితం వచ్చింది. లానా నెగెటివ్, ఈబీవీ నెగెటివ్, హెచ్‌ఐవీ నెగెటివ్. పెట్ స్కానింగులో ఎక్కడా గడ్డ లేదు.

వయసు అనేది జవాబు కాదు

"వయసైపోయింది కదా" అనే మాటలో ప్రేమ ఉంది, భయం ఉంది, ఖర్చు గురించిన దిగులు కూడా ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ వయసు ఒక అంకె మాత్రమే, శరీరపు స్థితి వేరు. ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు 60 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 399 మంది లింఫోమా రోగులపై జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. చాప్ అనే నాలుగు మందుల మామూలు కీమోకు రిటుక్సిమాబ్ చేర్చినప్పుడు రెండేళ్లు దాటి బతికినవారు నూటికి 57 నుంచి 70కి పెరిగారు. ఆ తరువాత 80 దాటినవారికి మోతాదులు బాగా తగ్గించి ఇచ్చే ఆర్-మినీ-చాప్ పద్ధతిని సుమారు 150 మందిపై పరీక్షించారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో రెండేళ్లు దాటినవారు నూటికి 59 మంది. అదే అధ్యయనంలో 12 మంది చికిత్స దుష్ప్రభావం వల్లే చనిపోయారని కూడా రాశారు. ఆశ చెప్పినప్పుడు ఈ అంకె కూడా చెప్పకపోతే అది అబద్ధంతో సమానం.

ఇవి గడ్డల రూపంలో వచ్చే మామూలు లింఫోమా లెక్కలు, నీటి లింఫోమావి కావు. ఇంత అరుదైన జబ్బుకు అలాంటి పెద్ద అధ్యయనం జరగలేదు. దగ్గరి చుట్టమైన జబ్బు నుంచి తెచ్చుకున్న అనుభవంతోనే వైద్యులు చికిత్స నడుపుతున్నారు. అరువు లెక్కలు వద్దని వాదిస్తూ నేనే మరో అరువు తెస్తున్నానని ఎవరైనా అంటే కాదనలేను. అయితే హెచ్‌హెచ్‌వీ-8 జబ్బు కంటే సీడీ20 ఉన్న పెద్ద బీ-కణ లింఫోమా దీనికి దగ్గరి చుట్టం, ఆ మాత్రం తేడా ఉంది.

నాకు అంతకంటే ముఖ్యమనిపించింది మరో అధ్యయనం. అమెరికాలో 70 దాటిన 718 మంది కేన్సర్ రోగులకు, చికిత్సకు ముందు నడక, జ్ఞాపకశక్తి, తిండి, మందుల జాబితా, ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారా లేదా, అన్నీ కొలిచారు. సగం ఆసుపత్రుల్లో ఆ వివరాలను సూచనలతో సహా వైద్యుడి చేతికిచ్చారు, మిగతా సగంలో ఇవ్వలేదు. 2021లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం, తీవ్రమైన దుష్ప్రభావాలు సూచనలు అందినచోట నూటికి 51 మందికి, అందనిచోట 71 మందికి కలిగాయి, ఆయుర్దాయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొత్త మందు ఏదీ లేదు, రోగిని ముందుగా సరిగా చూడటం ఒక్కటే మారింది.

పెదనాన్న విషయంలో ఆ చూడటం ఇలా సాగింది. గుండె పంపింగ్ 40 శాతమే కనుక చాప్ మందుల్లో ఒకటైన, గుండెను దెబ్బతీసే డాక్సోరుబిసిన్‌ను పూర్తిగా వదిలేశారు. మొదటి వారం ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే ఇచ్చి, ఒళ్లు కాస్త తేరుకున్నాక రిటుక్సిమాబ్, తగ్గించిన మోతాదులో సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్ మొదలుపెట్టారు. అంతకంటే ముందు రక్తంలో పాత హెపటైటిస్ బీ ఆనవాలు ఉందో లేదో చూశారు. ఉంది. ఆయనకు ఎప్పుడూ కామెర్లు వచ్చిన గుర్తు కూడా లేదు. ఆ ఆనవాలు ఉన్నవారికి రిటుక్సిమాబ్ ఇస్తే నిద్రాణంగా ఉన్న వైరస్ లేచి కాలేయాన్నే దెబ్బతీయవచ్చు. కనుక ఆ వైరస్‌ను అణచి ఉంచే ఎంటెకావిర్ మాత్ర రోజుకొకటి చొప్పున చేర్చారు. ఆ ఒక్క రక్తపరీక్ష మరచిపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది.

మొదటి డోసు రోజంతా పట్టింది. మధ్యలో చలి, వణుకు వచ్చి డ్రిప్పు ఆపి గంట తరువాత నెమ్మదిగా మళ్లీ ఎక్కించారు. మూడు వారాలకొకసారి చొప్పున నాలుగు విడతలు అయ్యాక ఛాతీలో నీరు లేదు. ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఈ మందు అమెరికాలో 1997లో వచ్చింది. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 'రెడిటక్స్' పేరుతో దాని ప్రతిరూపాన్ని తక్కువ ధరకు తెచ్చింది. ఆ తరువాత మరికొన్ని కంపెనీలవీ వచ్చాయి. అయినా మా కుటుంబానికి అది చిన్న ఖర్చు కాలేదు. పొలం అమ్మవలసిన అవసరం మాత్రం రాలేదు.

నాకే ఉన్న అనుమానాలు

పెదనాన్న ఆ తరువాత ఇరవై ఆరు నెలలు బతికారు. గుండె ఆగి పోయారు, లింఫోమా తిరిగి రాలేదు. ఇది విన్నవాళ్లు 'చూశారా' అంటారు. నేను అలా అనలేను. ఒక్క మనిషి కథ సాక్ష్యం కాదు. పైగా అరుదైన జబ్బుల్లో పత్రికలకెక్కేవి ఎక్కువగా బాగుపడ్డ కేసులే. నీరు తీస్తేనే తగ్గిపోయిన ముసలాయన గురించి వైద్యుడు ఉత్సాహంగా రాస్తాడు, రెండో విడతకే ఇన్‌ఫెక్షన్ సోకి పోయినావిడ గురించి రాయడు. ఈ జబ్బు మంచిదన్న మాటను ఆ మేరకు తగ్గించుకునే వినాలి.

రెండో అనుమానం ఇంకా బరువైనది. నీరు నిలవడానికి కారణమైన గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బులు లింఫోమా తగ్గినా అక్కడే ఉంటాయి. వీరిలో చాలామందిని చివరికి తీసుకువెళ్లేది ఆ జబ్బే కావచ్చు. అలాంటప్పుడు చికిత్సతో సంపాదించినది ఎంత? దీనికి నా దగ్గర లెక్క లేదు, ఒక దృశ్యం ఉంది. చికిత్సకు ముందు పెదనాన్న పడుకోలేక, మంచం మీద దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోయేవారు. తరువాత ఏడాదిన్నర పాటు వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. సాయంత్రాలు కర్ర పట్టుకుని లాకుల దాకా నడిచివెళ్లి, నీటిమట్టం చూసి వచ్చేవారు. ఆయనకు అది ఎంత విలువైనదో కొలిచే హక్కు నాకు లేదు. ఆ రోజు వరండాలో కూర్చున్న మాలో ఎవరికీ లేదు.

అందరికీ కీమో ఇవ్వాలని నేను చెప్పడం లేదు. మంచం దిగలేనివారు, మనుషులను గుర్తుపట్టలేనివారు, నాకు వద్దని స్వయంగా చెప్పినవారు ఉంటారు. వారికి ఆయాసం వచ్చినప్పుడల్లా నీరు తీసి, నొప్పి లేకుండా చూడటమే సరైన వైద్యం కావచ్చు, అది కూడా చికిత్సే. నేను కోరేది, వద్దనుకునేటప్పుడు దేనిని వద్దంటున్నామో తెలిసి వద్దనుకోవాలని. హెచ్‌హెచ్‌వీ-8 ఉందని తేలితే కష్టమైన మాటే మాట్లాడుకోవాలి. అక్కడ కూడా ఇటీవల లెనాలిడోమైడ్ వంటి మందులను కీమోకు జతచేసి చూస్తున్నారు గానీ, బలహీనులైన వృద్ధులకు దారి ఇరుకే.

పెదనాన్నకు విషయం చెప్పాలా వద్దా అన్న దగ్గర మా ఇంట్లో చాలా గొడవ జరిగింది. చివరికి ఆ వైద్యురాలే ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చెప్పారు. కేన్సర్ అన్న మాట దాచలేదు. ఆయన కాసేపు ఊరుకుని, "నాకు తెలుసమ్మా. వీళ్లు నా ముందు టీవీ సౌండు పెంచి మాట్లాడుకుంటున్నప్పుడే తెలిసింది" అన్నారు. తరువాత అడిగినవన్నీ ఆయన ప్రశ్నలే: ఎన్నిసార్లు రావాలి, రాత్రి ఇంట్లో పడుకోవచ్చా, అన్నం సహిస్తుందా. ఆయుర్దాయం ఎంత అని ఒక్కసారి కూడా అడగలేదు.

మా మిత్రుల అమ్మగారి నీటిని మళ్లీ తీసి, ఈసారి సెల్ బ్లాక్‌కు, లానాకు పంపారు. మొన్న బుధవారం ఫలితం వచ్చింది. నెగెటివ్, సీడీ20 పాజిటివ్. హెపటైటిస్ బీ పరీక్షలు చేశారు, కీమో మోతాదుల మాట ఎత్తకముందు ఆవిడను నడిపించి చూశారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారో అడిగారు. అన్నయ్యగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఆయన భయం నాకు అర్థమవుతుంది. నిన్న సాయంత్రం అమ్మగారినే అడిగారట. ఆవిడ అంతా విని, "ఆ నీళ్లు మళ్లీ రాకుండా చేస్తామంటే ఒకసారి వేయించుకుంటాను. ఒంటికి పడకపోతే రెండోసారి రాను, అప్పుడు నన్ను బలవంతం చేయకండి" అన్నారట. మొదటి డోసు సోమవారం.